సైలెన్సర్‌లో ఆ చిన్న డబ్బా తీసేస్తే

లద్దాఖ్ దాకా వెళ్లొచ్చే టూరింగ్ బైకులు కొన్నవాళ్లలో కొందరు ముందుగా చేయించే పని, ఎగ్జాస్ట్‌లోంచి క్యాటలిటిక్ కన్వర్టర్ తీయించడం. తేనెపట్టులా సన్నటి గదులున్న ఆ చిన్న డబ్బా లోపల ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది. ఇంజిన్ వదిలే కార్బన్ మోనాక్సైడ్, సరిగా కాలని పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఆ గదుల్లోంచి వెళ్తూ చాలావరకు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, నైట్రోజన్‌గా మారిపోతాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాలను బండి అందుకోవడంలో దీనిది పెద్ద పాత్ర.

తీసేస్తే ఇంజిన్‌కు ఊపిరాడుతుందని, కాళ్లకు సెగ తగ్గుతుందని అంటారు. సెగ సంగతి కొంత నిజమే. దానికి హీట్ షీల్డ్ ఉంది. ఫ్యూయల్ మ్యాపింగ్ సరిచేయకపోతే పవర్ పెరగకపోగా బండి నడకే చెడొచ్చు. లారీల పొగ ముందు మాదెంత అన్న వాదన మరీ బలహీనం. సిగ్నల్ దగ్గర మన సైలెన్సర్ వెనకే, నాన్న స్కూటర్ ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ పసివాడుంటాడు. ఆ పొగ ముందు పీల్చేది వాడే. వాయుకాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే మోటారు వాహనాల చట్టం 190(2) కింద 3 నెలల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. చట్టం సంగతి అటుంచి, ఆ పిల్లవాడి కోసమైనా కన్వర్టర్‌ను ఉన్నచోటే ఉండనివ్వండి.