రీస్టార్ట్ కొట్టే ముందు...

తెరమీద బొమ్మ ఉండదు, కిటికీ తెరుచుకోదు. ఎవరూ లాగిన్ కాకపోయినా కంప్యూటర్ వెలుగుతున్నంతసేపూ లోపల పనిచేసుకుపోయే ప్రోగ్రాంలను విండోస్‌లో 'సర్వీసులు' అంటారు. లినక్స్‌లో వీటినే 'డీమన్లు' అంటారు. ఇవి ఒక్కోసారి ఆగకుండానే బిగుసుకుపోతాయి. జాబితాలో 'నడుస్తోంది' అనే ఉంటుంది, అడిగితే మాత్రం పలకవు.

అవతల పనులు నిలిచిపోయి ఫోన్లు మోగుతుంటే ఎవరైనా ముందు చేసేది రీస్టార్టే. సర్వీసు లేచి కూర్చుంటుంది. జబ్బేమిటో చెప్పే ఆధారం మాత్రం దాంతోపాటే చెరిగిపోతుంది. నాలుగు రోజులకు మళ్లీ అదే కథ.

జావాలో రాసిన సర్వీసుకైతే ఆ ఆధారం పేరు 'థ్రెడ్ డంప్'. ప్రోగ్రాంలో పనిని పంచుకునే పనివాళ్లే థ్రెడ్లు. ఆ క్షణాన ఎవరు ఏ పనిలో ఉన్నారు, ఎవరు ఎవరికోసం ఆగారు అన్నది డంప్‌లో వరుసగా ఉంటుంది. దీనికోసం సర్వీసును ఆపనక్కర్లేదు.

లినక్స్‌లో 'కిల్ -3' అని రాసి, ప్రాసెస్ నెంబరు ఇస్తే చాలు. పేరు చూసి బెదరొద్దు, జావా ప్రోగ్రాంను ఇది చంపదు. నెంబరు తప్పు ఇస్తే మాత్రం వేరే ప్రోగ్రాం నిజంగానే పోవచ్చు. పైగా ఈ డంప్ వెళ్లేది సర్వీసు సొంత అవుట్‌పుట్‌లోకి. దాన్ని ఎక్కడా దాచే ఏర్పాటు లేకపోతే దొరకదు. అందుకే జావా కిట్‌తో వచ్చే 'జేస్టాక్' మేలు. డంప్‌ను నేరుగా ఫైల్లోకి పంపొచ్చు.

విండోస్‌లో చిక్కల్లా అకౌంట్‌తోనే. సర్వీసు 'లోకల్ సిస్టమ్' పేరుతో నడుస్తుంటే, అడ్మినిస్ట్రేటర్ అడిగినా జేస్టాక్ కుదరదనవచ్చు. అప్పుడు మైక్రోసాఫ్ట్ వారి 'పీఎస్‌ఎగ్జెక్'ను '-ఎస్'తో వాడి, అదే అకౌంట్ కింద జేస్టాక్‌ను నడపాలి. టామ్‌క్యాట్ సర్వీసైతే ఇంకా తేలిక. దాని మానిటర్ గుర్తుమీద రైట్ క్లిక్ చేస్తే 'థ్రెడ్ డంప్' అనే కనిపిస్తుంది.

ఒక్క డంప్ చాలదు. ఒక్క ఫొటో చూసి మనిషి నడుస్తున్నాడో నిలబడ్డాడో చెప్పలేం కదా! పది సెకన్ల తేడాతో మూడు తీయాలి. పనిలో ఉండాల్సిన థ్రెడ్ మూడింట్లోనూ ఒకే వరుస దగ్గరుంటే అనుమానం అక్కడే. చాలా థ్రెడ్ల పక్కన 'బ్లాక్‌డ్' అని ఉంటే, అవి ఎదురుచూస్తున్న తాళం ఎవరి దగ్గరుందో వెతకాలి. ఒకరి చేతిలో రోలు, మరొకరి చేతిలో రోకలి... నువ్వివ్వమంటే నువ్వివ్వమని కూర్చుంటే పచ్చడి అయ్యేదెప్పుడు? అదే 'డెడ్‌లాక్'. తాళాల దగ్గర ఇలాంటి పీటముడి పడితే జేస్టాకే చాలావరకు పట్టుకుని చివర్లో రాస్తుంది.

ఒక మాయ కూడా ఉంది. డేటాబేస్ జవాబుకోసం ఊరికే కూర్చున్న థ్రెడ్ పక్కనా 'రన్నబుల్' అనే ఉంటుంది. దాన్ని నమ్మకుండా కింది వరుసలు చదవాలి.

మూడు డంప్‌లూ, లాగ్ ఫైలూ, తీసిన టైమూ భద్రం చేశాక... రీస్టార్ట్ నిశ్చింతగా కొట్టొచ్చు.