మహానందికి మూడో జెండా కావాలి

మహానంది మండలం శ్రీశైలం అసెంబ్లీ నియోజకవర్గంలో ఉంది. 2014లో ఇక్కడ బుడ్డా రాజశేఖరరెడ్డి వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున నిలబడి తెలుగుదేశం అభ్యర్థి శిల్పా చక్రపాణిరెడ్డి మీద గెలిచారు. 2019 నాటికి బుడ్డా తెలుగుదేశంలో ఉన్నారు, శిల్పా వైఎస్సార్ కాంగ్రెస్‌లో ఉన్నారు. ఆసారి శిల్పా గెలిచారు. 2024లో మళ్లీ అవే పేర్లు, బుడ్డా గెలిచారు. పదేళ్లు, మూడు ఎన్నికలు, ఇద్దరే మనుషులు. అటు కండువా ఇటు, ఇటు కండువా అటు.

పక్కనున్న నంద్యాలలోనూ ఇదే వరస. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తుపై గెలిచిన భూమా నాగిరెడ్డి 2016లో తెలుగుదేశంలో చేరారు. ఆయన చేతిలో ఓడిన తెలుగుదేశం అభ్యర్థి శిల్పా మోహన్‌రెడ్డి, నాగిరెడ్డి మరణించాక జరిగిన 2017 ఉప ఎన్నికలో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థిగా దిగారు. ఆ శాసనసభ కాలంలో ఇలా 23 మంది వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యులు అధికారపక్షంలోకి వెళ్లారు. నలుగురు మంత్రులయ్యారు. ఒక్కరి మీదా అనర్హత వేటు పడలేదు.

నాయకుల తప్పొప్పులు వారికి వదిలేద్దాం. ఓటరు సంగతేమిటి? ఫలానా పార్టీ వద్దని ఎండలో వరసలో నిలబడి వేసిన ఓటు, అయిదేళ్లు నిండకముందే ఆ పార్టీ ఖాతాలోనే పడింది. అడిగినవాడు లేడు, చెప్పినవాడు లేడు. దీన్ని రెండు పార్టీల వ్యవస్థ అనడం కూడా దండగే. రెండు ఇళ్లు, రెండు కండువాలు, అంతే. సీమకు కొత్త పార్టీ కావాలా అని అడిగేవారికి మా సమాధానం సూటిగా ఇదే: కావాలి, ఆలస్యం లేకుండా కావాలి.

ఎండాకాలంలో ఈదురుగాలి లేచిన మర్నాడు మహానంది అరటి తోటల్లోకి ఒకసారి వెళ్లి చూడండి. వెదురు ఊతాలు పెట్టిన చెట్లు కూడా నడిమికి విరిగి, పక్వానికి రాని గెలలతో సహా బోదెల్లో పడి ఉంటాయి. పొద్దెక్కేలోపు రెండు పార్టీల వాళ్లూ వస్తారు. అధికారంలో ఉన్నవారు నష్టం రాయిస్తామంటారు. లేనివారు మేమొస్తే ఆదుకుంటామంటారు. అయిదేళ్ల తర్వాత అదే తోటలో, అదే గట్టు మీద, వీళ్ల మాట వాళ్ల నోట, వాళ్ల మాట వీళ్ల నోట వినిపిస్తుంది. రైతు మాత్రం విరిగిన చెట్టును నరికి, కూలీలను పెట్టి గట్టుకు మోయించే పనిలో ఉంటాడు.

కొత్త పార్టీ అనగానే చప్పరించేవారు ఒక సంగతి మరవకూడదు. ఇప్పుడున్న రెండూ ఒకనాటి కొత్త పార్టీలే. 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశం తొమ్మిది నెలల్లో కాంగ్రెస్‌ను గద్దె దించింది. ఆ ఎన్నిక జరగకపోతే మునసబు, కరణాల పెత్తనం ఇంకా ఎన్నాళ్లుండేదో! ‘మహానంది మండలం’ అని మనం రాసుకునే చిరునామా కూడా ఆనాటి కొత్త పార్టీ తెచ్చిన మండల వ్యవస్థ వల్ల వచ్చిందే. మద్రాసుకు తాగునీరు తీసుకుపోయే కాలువకు సీమ సాగునీటిని జతచేసి, దానికి తెలుగుగంగ అని పేరు పెట్టింది కూడా ఎన్టీఆర్ ప్రభుత్వమే. 2011లో వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్ కూడా పాత కాంగ్రెస్‌ను పక్కకు నెట్టి నిలబడింది. తాము వచ్చిన తలుపును ఇంకొకరికి మూసేసే హక్కు ఈ రెండింటికీ లేదు.

ఓట్లు చీలిపోతాయని, మూడోవాడికి వేస్తే ఓటు మురిగిపోతుందని ఒక భయం ఉంది. ఉత్త భయమేమీ కాదు. ఎక్కువ ఓట్లొచ్చిన ఒక్కరే గెలిచే మన పద్ధతి మూడోవాడిని తొక్కేస్తుంది. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో 31 శాతం ఓట్లు తెచ్చుకున్న కమ్యూనిస్టులకు 196లో 15 సీట్లే దక్కాయి. 2019లో 39 శాతం ఓట్లతో తెలుగుదేశానికి 23, 2024లో దాదాపు అంతే శాతంతో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11. రెండోవాడికే ఈ గతి పడితే మూడోవాడి మాట చెప్పాలా? ఈ అన్యాయం చూసే న్యూజిలాండ్ ప్రజలు 1993లో రెఫరెండం పెట్టుకుని పద్ధతిని మార్చుకున్నారు.

అయితే ఓట్లు చీలకుండా సీమ ఏం బావుకుంది? 2019లో 52 సీట్లలో 49 ఒక పార్టీకి ఇచ్చాం. 2024లో 45 అవతలి కూటమికి ఇచ్చాం. ఇంతకంటే ఒక్కమాట మీద నిలబడే ప్రాంతం ఇంకెక్కడుంది? కర్నూలుకు ఒకరు న్యాయ రాజధాని అన్నారు, ఇంకొకరు హైకోర్టు బెంచి అని అసెంబ్లీలో తీర్మానం చేశారు. కృష్ణా బోర్డు కార్యాలయాన్ని కృష్ణ పారని విశాఖపట్నంలో పెట్టమని రాసిన ప్రభుత్వానికి సీమ ఇచ్చినవే ఆ 49 సీట్లు. శ్రీశైలం ముంపు కుటుంబాలకు ఇంటికో ఉద్యోగమన్న 1986 నాటి జీవో 98 కింద ఇంకా తిరుగుతున్నవారు ఈ నియోజకవర్గంలోనే ఉన్నారు. కృష్ణా, తుంగభద్ర నీటిలో సీమకు ముందు చోటివ్వాలన్న శ్రీబాగ్ ఒడంబడిక 1937 నవంబరు 16 నాటిది.

సిద్ధేశ్వరం సంగతే చూడండి. శ్రీశైలంలో నీటిమట్టం 854 అడుగుల కిందికి జారితే పోతిరెడ్డిపాడు తూములకు నీరు సరిగా అందదు. వెలుగోడుకు రాదు, తెలుగుగంగకు రాదు. ఎగువన సిద్ధేశ్వరం దగ్గర అలుగు కడితే, దిగువన ఎంత వాడుకున్నా ఇటువైపు నీరు నిలుస్తుంది. 2016 మే 31న పోలీసు ఆంక్షలు దాటుకుని వేల మంది రైతులు అక్కడికి వెళ్లారు. ఆ రోజు వారి వెంట జెండాలు లేవు. తర్వాత అక్కడ కృష్ణ మీద తీగల వంతెన మంజూరైంది. వంతెనతోపాటు బ్యారేజీ కూడా కట్టమని రైతులు అడుగుతూనే ఉన్నారు. ఆ మాటను ఎన్నికల గుర్తుగా మార్చుకుని ఓటు అడిగే పార్టీ మన దగ్గర లేదు. రెండు పార్టీలకూ కోస్తాలో సీట్లు కావాలి, కాబట్టి ఏ పార్టీ కూడా ఈ మాటను గట్టిగా అనలేదు. అనవలసినవాడు మూడోవాడే.

ఎలాంటి మూడోవాడు అన్నదే అసలు ప్రశ్న. ప్రజారాజ్యాన్ని చూశాం. 2009లో రాష్ట్రమంతా 16 శాతం ఓట్లు, 18 సీట్లు. మన దగ్గరే ఆళ్లగడ్డ, బనగానపల్లె గెలిచారు. 2011లో పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. నమ్మి ఓటేసినవారిని ఒక్కమాట అడగలేదు. ఆ దెబ్బ ఇప్పటికీ మానలేదు. కొత్త పార్టీ అంటే మనవాళ్లు పెదవి విరవడానికి సగం కారణం అదే. జనసేన 2024లో పోటీ చేసిన 21 సీట్లూ గెలిచింది. అయితే కూటమిలో భాగంగా గెలిచింది, కాబట్టి సీమ నీటి విషయంలో ప్రభుత్వాన్ని నిలదీసే మూడో గొంతు అది కాలేదు. సీమ పేరుతో పుట్టిన సమితులూ ఉన్నాయి. నాయకుడు పెద్ద పార్టీలోకి నడిచి వెళ్లిన రోజే వాటిలో కొన్నిటి బోర్డులు దిగిపోయాయి.

అందుకే కొత్త పార్టీ సినిమా తెర మీద నుంచో, టికెట్ దొరకని పెద్దింటి నుంచో దిగిరాకూడదు. సభ్యులందరి ఓటు లేకుండా ఏ పార్టీలోనూ కలవబోమని తన నిబంధనావళిలో మొదటి వాక్యంగా రాసుకోవాలి. అసెంబ్లీకి ఎగబడకుండా ఎంపీటీసీ, జడ్పీటీసీ సీట్లతో మొదలుపెట్టాలి. లక్షల రూపాయలు లేనివాడు ఇంటింటికీ నడిచి గెలవగలిగే మైదానం అదొక్కటే. పైగా అక్కడే ఖాళీ ఉంది: 2021 పరిషత్ ఎన్నికలను తెలుగుదేశం బహిష్కరించింది. రెండే పార్టీలున్న చోట ఒకటి ఇంట్లో కూర్చుంటే ఓటరు చేతిలో ఏం మిగులుతుంది? 2014లో ఆళ్లగడ్డ ఉప ఎన్నిక కూడా ఇలాగే ఏకగ్రీవమైంది. ఆ ఊళ్లవాళ్లు వేలికి సిరా గుర్తు లేకుండానే ఎమ్మెల్యేను పొందారు.

సిద్ధేశ్వరం దాకా వెళ్లిన రైతులు, జీవో 98 కాగితాలు పట్టుకుని తిరుగుతున్న ముంపు కుటుంబాల పిల్లలు, ఈ నియోజకవర్గం నిండా ఉన్న కౌలుదారులు ఇక వినతిపత్రాలు చాలించాలి. రాబోయే పరిషత్ ఎన్నికల్లో మహానంది జడ్పీటీసీ బ్యాలెట్ మీద మూడో గుర్తు అచ్చుపడాలి. నామినేషన్ వేయడానికి వాళ్లే రావాలి.