పాత విమానాన్ని ఎవరికి అమ్మాలి?

జెట్ యుగానికి పూర్వం ప్రొపెల్లర్లతో ఎగిరిన ప్రయాణికుల విమానాలు నేటికీ అక్కడక్కడ అమ్మకానికి వస్తున్నాయి. హెచ్చు పాట పాడినవానికి సొత్తును అప్పగించడం వేలం ధర్మం. ఆ ధర్మం బల్లలకూ బిందెలకూ చెల్లవచ్చు గాని, ఇటువంటి విమానాలకు చెల్లదని నా అభిప్రాయం. కొనేవాడు దానిని ఎగరవేయదలచాడా, నిలిపి చూపదలచాడా అన్నది అమ్మేవాడు ముందుగా విచారించాలి.

లాక్‌హీడ్ వారి స్టార్‌లైనర్ సంగతి చూడండి. 1948లో మన ఎయిర్ ఇండియా తొలిసారి లండన్ వెళ్ళిన కాన్‌స్టలేషన్ వంశంలో ఇది కడపటిది. నాలుగు ఇంజన్లు, ఇంజనుకు 18 సిలిండర్లు, మూడు తోకరెక్కలు. బహు సొగసైన విమానం! అయితే అది పుట్టిన రెండేళ్లకే జెట్లు అట్లాంటిక్ దాటనారంభించాయి. అందువల్ల మొత్తం 44 మాత్రమే తయారైనాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఒక విమానప్రియుడు కూడబెట్టుకున్న మూడింటిని 2007లో వేలం వేయగా, జర్మనీలోని లుఫ్తాన్సాకు చెందిన ఫౌండేషన్ ఏడు లక్షల డాలర్లకు పైబడి చెల్లించి కొన్నది. ఒకటి ఎగరాలి, తక్కిన రెండూ దానికి విడిభాగాలు సమకూర్చాలి అని వారి సంకల్పం. ఖర్చు పది కోట్ల యూరోలు దాటిందని పత్రికలు వ్రాశాయి. 2018లో పని నిలిపివేశారు. విమానం ఎగరలేదు.

దీనిని ధనికుల పిచ్చి అని నవ్వి ఊరుకోవడం సులభం. నేను నవ్వలేను. వారికి ధనం కొరవడలేదు, శ్రద్ధ కొరవడలేదు. 44 మాత్రమే ఉన్న జాతికి తోబుట్టువులు లేరు, అదే కొరత.

అదే 2018లో ఒక డకోటా ఇంగ్లండు నుండి మన దేశానికి స్వయంగా ఎగిరి వచ్చింది. తుక్కు కాబోతున్న ఆ విమానాన్ని 2011లో రాజీవ్ చంద్రశేఖర్ సంపాదించి, బాగు చేయించి, మన వాయుసేనకు కానుకగా ఇచ్చారు. డకోటాలు పదివేలకు మించి తయారైనాయి. కనుక వాటికి విడిభాగాలూ, చేయి తిరిగిన మెకానిక్కులూ ఇంకా దొరుకుతారు.

డకోటా మన హైదరాబాదుకు పరాయిది కాదు. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి 1945లో నెలకొల్పిన దక్కన్ ఎయిర్‌వేస్ నడిపినవి డకోటాలే. దేశంలో తొలి మహిళా వాణిజ్య పైలట్ ప్రేమ్ మాథుర్‌కు కొలువిచ్చిన సంస్థ కూడా అదే. (మన విద్యార్థినులలో ఈ మాట తెలిసినవారు ఎందరు?) 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైంది.

మరొక మాట. విమానంతోపాటు దాని లాగ్‌బుక్కులు కూడా చేతులు మారాలి. ఎన్ని గంటలు ఎగిరింది, ఏ భాగం ఎప్పుడు మార్చారు అన్న చరిత్ర లేని విమానం, చూడడానికి ఎంత చక్కగా ఉన్నా, ఎగరడానికి అనుమతి పొందడం దుర్లభం.

అప్పుల్లో ఉన్న యజమాని ఇవన్నీ విచారించగలడా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అటువంటివానిపై నాకు కోపం లేదు. కొనే సంస్థలకైనా ఆ విచారణ ఉండాలి గదా!

ఆ మూడు స్టార్‌లైనర్లలో ఒకదానిని 2019లో న్యూయార్కు కెనెడీ విమానాశ్రయంలోని హోటలువారు పానశాలగా మార్చారు. నాకది రుచించలేదు. అయినా దానిలోకి జనం ఎక్కుతున్నారు, పైలట్ గది చూస్తున్నారు. ఎగరవలసిన రెండవది అదే సంవత్సరం విడివిడి భాగాలుగా ఓడలో జర్మనీ చేరింది. పిమ్మట దానిని ప్రదర్శన కోసమే సిద్ధం చేశారు. 2007లోనే ఆ నిర్ణయం జరిగి ఉంటే పదేళ్ల శ్రమ మిగిలేది.