మంచి మనిషే... కానీ!

ఇంట్లో అడుగు పెట్టగానే కోటు విప్పి, స్వెట్టర్ తొడుక్కునేవారు. బూట్లు విప్పి కాన్వాస్ జోళ్లు వేసుకునేవారు. ఆ తర్వాత టీవీ ముందు కూర్చున్న పిల్లల కళ్లల్లోకి సూటిగా చూస్తూ, ఏ తొందరా లేకుండా కబుర్లు మొదలుపెట్టేవారు. ఆయనే ఫ్రెడ్ రోజర్స్. 1968 నుంచి 2001 దాకా అమెరికా పిల్లలకు పక్కింటి పెద్దమనిషి. ఆ కార్యక్రమం తయారైన ఊరు పిట్స్‌బర్గ్. వెంకటేశ్వరస్వామి గుడి పుణ్యమా అని మన తెలుగువాళ్లకూ బాగా తెలిసిన ఊరే! ఆ స్వెట్టర్లు అల్లింది ఎవరనుకున్నారు? వాళ్లమ్మే.

ఆయన పిల్లలకు బొమ్మలు కొనుక్కోమని చెప్పలేదు. గంతులు వేయించలేదు. చావు, విడాకులు, కోపం, భయం... "చిన్నపిల్లలకెందుకులే" అని మనం నోరు నొక్కేసే సంగతులన్నీ నెమ్మదిగా విడమరిచి చెప్పారు. తొట్టిలో చేప చచ్చిపోతే దాన్ని పాతిపెట్టి, చావంటే ఏమిటో మాట్లాడారు. 1968లో రాబర్ట్ కెన్నెడీని కాల్చి చంపినప్పుడు, ఇంట్లో పెద్దల ముఖాలు చూసి బెదిరిపోయిన పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక కార్యక్రమమే చేశారు. నువ్వు నువ్వుగా ఉన్నందుకే నువ్వంటే ఇష్టం... ఏళ్ల తరబడి ఆయన పిల్లలకు చెప్పింది ఇదే. ఈ మాట ఒక్కసారైనా వినని పిల్లలు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారో!

ఆయన ధైర్యం గురించి ఒక సంగతి తప్పకుండా చెప్పాలి. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే కొలనులో దిగడమే గొడవలకు దారితీసిన కాలం అది. 1964లో ఫ్లోరిడాలోని ఒక మోటెల్లో నల్లవాళ్లు ఈతకొలనులో దిగారని యజమాని నీళ్లలో యాసిడ్ పోశాడు. అటువంటి రోజుల్లో, 1969లో, రోజర్స్ ఒక చిన్న ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసుకుని, తన కార్యక్రమంలో పోలీసు వేషం వేసే నల్లజాతి గాయకుడు ఫ్రాంస్వా క్లెమన్స్‌ని పిలిచారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని అందులో కాళ్లు పెట్టుకున్నారు. ఒకే తువ్వాలుతో తుడుచుకున్నారు. ఉపన్యాసం లేదు, నినాదం లేదు. చూస్తున్న పిల్లలకు అర్థం కావలసింది అర్థమైంది.

ఇంతవరకూ వింటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. కానీ కథ ఇక్కడితో అయిపోలేదు.

ఆ క్లెమన్స్‌కి మగవాళ్లంటేనే ఇష్టం. స్వలింగ ప్రేమికులు కలిసే చోట ఆయన కనిపించాడన్న కబురు రోజర్స్ చెవిన పడింది. పిలిచి, ఈ సంగతి బయటపడితే నువ్వు ఈ కార్యక్రమంలో ఉండలేవు అని చెప్పేశారు. పెళ్లి మాట కూడా ఎత్తారు. దాతలు వెనక్కి తగ్గుతారని, అసలు కార్యక్రమమే ఆగిపోతుందని ఆయన భయం. ఇదంతా క్లెమన్సే తర్వాత చెప్పారు, 2020లో పుస్తకంగానూ రాశారు. పెళ్లి జరిగింది. నిలవలేదు. విడాకులయ్యాయి.

ఇప్పుడు చెప్పండి. నువ్వు నువ్వుగా ఉంటే చాలు అని లక్షల మంది పిల్లలకు చెప్పిన మనిషి, తన పక్కనే కూర్చున్న మనిషికి ఆ మాట ఎందుకు చెప్పలేకపోయారు? కాలం అలాంటిది, నిజమే. ఆ రోజుల్లో అక్కడి చట్టాలే ఇటువంటివాళ్లను నేరస్థులుగా చూసేవి. కార్యక్రమాన్ని కాపాడుకోవాలనుకోవడమూ నిజమే. అయినా మనసు ఒప్పుకోదు.

ఈ కథంతటిలో ఎవరూ అంతగా తలుచుకోని మనిషి ఒకరున్నారు. ఆ పెళ్లికూతురు! ఒకరి గుట్టు దాచడానికి జరిగే పెళ్లిలో రెండో మనిషి బతుకు ఏమవుతుంది? ఈ ప్రశ్న అడగడానికి అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. "పెళ్లి చేసేస్తే వాడే దారిలో పడతాడు" అనే మాట మన బంధువుల ఇళ్లలో విననివాళ్లెవరు? స్వలింగ సంబంధం నేరం కాదని మన సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. కోర్టు చెప్పినా, పెళ్లిచూపుల గదిలో ఆ మాట ఎవరూ ఎత్తరు. కొడుకు మనసు తెలిసీ పరువు కోసం నోరు మూసుకున్న తల్లి, ముక్కూముఖం తెలియని ఇంకో తల్లి కూతుర్ని బలిపెడుతోంది. వచ్చిన పిల్ల "నాలో ఏం లోపం?" అని ఏళ్ల తరబడి అద్దం ముందు కుమిలిపోతుంది.

మరి రోజర్స్‌ని ఏం చేద్దాం? ఆయన మంచితనమంతా నటనేనని కొట్టిపారేద్దామా? క్లెమన్స్ ఆ పని చేయలేదు. బాధ పడ్డాననీ చెప్పారు, ఆయన నాకు తండ్రిలాంటివారనీ చెప్పారు. 1993లో చివరిసారి ఇద్దరూ మళ్లీ అలాగే నీళ్లలో కాళ్లు పెట్టుకున్నప్పుడు, రోజర్స్ తన చేతుల్తో ఆయన పాదాలు తుడిచారు. ఆ తుడవడం నిజం. అంతకుముందు పెట్టిన ఆంక్షా నిజమే. ఒకదాని కోసం రెండోదాన్ని దాచనక్కర్లేదు.

రోజర్స్ 2003లో కన్నుమూశారు. ఆయన చెప్పిన మాటలో తప్పు లేదు. ఆ మాట ఆయన చివరిదాకా నిలబెట్టుకోలేకపోయారు, అంతే. మన పిల్లలకు అదే మాట చెప్పేటప్పుడు మనమూ ఒకసారి ఆలోచించుకుందాం. "నువ్వు ఎలా ఉన్నా నా బిడ్డవే" అంటాం కదా... రేపు వాడో, అదో మనకు రుచించని నిజం తెచ్చి ముందు పెడితే, ఆ మాట మీద మనం నిలబడగలమా?