దుక్కి కుదిరితేనే పంట... మహీంద్రా రేసింగ్‌కు మళ్లీ తరం పరీక్ష

* గత మార్పులో పదో స్థానానికి పడిన జట్టు
* నాలుగో తరం కారుతో నిలుస్తుందా?
* కార్ల పరిశ్రమ వైపు చూస్తున్న అనంత యువతకు ఇందులో పాఠం

కుందుర్పి: కుందుర్పి, కళ్యాణదుర్గం ప్రాంతాల వేరుశనగ రైతుకు ఒక విషయం బాగా తెలుసు. పంట భవితవ్యం విత్తిన తర్వాత కాదు, విత్తక ముందే సగం తేలిపోతుంది. వేసవి దుక్కి ఎలా పడింది, విత్తనకాయలు ఎలాంటివి తెచ్చుకున్నారు అన్నదే ముఖ్యం. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటు ఇటుగా వర్షం కురిసే నేలలో పొరపాటును సరిదిద్దుకునే అవకాశం అదే ఏడాది మళ్లీ రాదు. లక్షల కిలోమీటర్ల ప్రయోగ అనుభవం, కోట్ల రూపాయల పెట్టుబడి ఉన్న మోటారు పందేల రంగంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుందంటే ఆశ్చర్యం కలగక మానదు.

విద్యుత్ కార్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్ అయిన ఫార్ములా-ఈలో మన దేశం తరఫున బరిలో ఉన్న ఏకైక జట్టు మహీంద్రా రేసింగ్. పల్లెల్లో దుక్కి దున్నుతున్న ట్రాక్టర్ల సంస్థదే ఈ జట్టు. మూడో తరం కారుకు 2025-26 సీజనే చివరిది. 2026-27 సీజన్ నుంచి నాలుగో తరం కారు రంగప్రవేశం చేస్తుంది. గతంలో ఇలాంటి మార్పు వచ్చినప్పుడే మహీంద్రా కుప్పకూలింది. అందుకే ఈ జట్టు అవకాశాలపై ఇప్పుడు ఆసక్తి నెలకొంది.

ఆరంభం ఘనం

2014 సెప్టెంబరులో బీజింగ్‌లో ఫార్ములా-ఈ తొలి పందెం జరిగింది. నాడు బరిలోకి దిగిన పది జట్లలో మహీంద్రా ఒకటి. తొలి సీజన్‌లో భారతీయుడు కరుణ్ చందోక్ ఆ జట్టు కారు నడిపారు. 2017 జూన్‌లో బెర్లిన్‌లో ఫెలిక్స్ రోసెన్‌క్విస్ట్ జట్టుకు తొలి విజయం అందించారు. 2016-17 సీజన్ ముగిసేసరికి మహీంద్రా జట్ల పట్టికలో మూడో స్థానంలో నిలిచింది. ఆ తర్వాత హాంకాంగ్, మరాకేష్‌లలోనూ గెలిచింది. 2021 జులైలో లండన్‌లో అలెక్స్ లిన్ సాధించినది ఐదో విజయం. అప్పటి నుంచి 2024-25 సీజన్ ముగిసే వరకు జట్టు మరో పందెం గెలవలేదు. నాలుగేళ్ల ఈ కరవుకు కారణమేమిటన్నదే అసలు ప్రశ్న.

హైదరాబాద్‌లో ఆశ... కేప్‌టౌన్‌లో నిరాశ

మూడో తరం కారు 2023 జనవరిలో మెక్సికో నగరంలో తొలిసారి పరుగు తీసింది. మహీంద్రా డ్రైవర్ లుకాస్ డి గ్రాసీ అందరికంటే ముందు వరుసలో నిలిచి, పందెంలో మూడో స్థానం సాధించారు. అదే ఏడాది ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ తీరాన 2.8 కిలోమీటర్ల వీధి ట్రాక్‌పై పందెం జరిగింది. 2013లో నోయిడా సమీపంలో జరిగిన ఫార్ములా-1 పందెం తర్వాత మన దేశం చూసిన పెద్ద కారు పందెం ఇదే. డీఎస్ పెన్‌స్కీ డ్రైవర్ జీన్ ఎరిక్ వెర్న్ విజేతగా నిలిచారు. మహీంద్రా తరఫున ఒలివర్ రోలాండ్ ఆరో స్థానం దక్కించుకున్నారు. సొంత గడ్డపై జట్టు కుదుటపడుతోందని అభిమానులు భావించారు.

రెండు వారాలు తిరక్కుండానే ఆ ఆశ ఆవిరైంది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో వెనుక సస్పెన్షన్ భాగాల్లో లోపం బయటపడింది. డ్రైవర్ల భద్రతను దృష్టిలో ఉంచుకుని మహీంద్రా ఆ పందెం నుంచి తప్పుకొంది. మహీంద్రా నుంచే యంత్ర భాగాలు తీసుకున్న అబ్ట్ కుప్రా జట్టు కూడా తప్పుకోక తప్పలేదు. సీజన్ మధ్యలోనే రోలాండ్ జట్టును వీడారు. 11 జట్లలో మహీంద్రాకు పదో స్థానం మిగిలింది. అదే రోలాండ్ నిస్సాన్ జట్టులో చేరి 2024-25లో ప్రపంచ ఛాంపియన్ కావడం గమనార్హం. లోపం డ్రైవర్‌ది కాదు, కారుది అనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

తాళం పడిన యంత్రం

ఒక ఏడాది తప్పు జరిగితే మరుసటి ఏడాది దిద్దుకోవచ్చు కదా అన్న సందేహం సహజం. ఫార్ములా-ఈ నిబంధనలు అందుకు వీలు కల్పించవు. ఖర్చులు అదుపులో ఉంచేందుకు కారు చట్రం, బ్యాటరీ అన్ని జట్లకూ ఒకటే ఇస్తారు. మోటారు, ఇన్వర్టర్, గేరుబాక్సు, వెనుక సస్పెన్షన్ వంటివి తయారీ సంస్థలు సొంతంగా రూపొందించుకోవాలి. వాటికి ఒకసారి ఆమోదముద్ర పడితే రెండు సీజన్ల పాటు మార్చడానికి వీల్లేదు. సాఫ్ట్‌వేర్‌ను మాత్రం ఎప్పటికప్పుడు మెరుగుపరచుకోవచ్చు.

మహీంద్రా విషయంలో జరిగింది ఇదే. 2022 చివర జట్టు సారథ్యం దిల్‌బాగ్ గిల్ నుంచి ఫ్రెడరిక్ బెర్ట్రాండ్ చేతికి వచ్చింది. అప్పటికే కారు రూపం ఖరారైపోయింది. కొత్త యాజమాన్యం చేయగలిగిందల్లా లోపాలతోనే నెట్టుకురావడం. 2023-24 సీజన్‌కు నిక్ డి వ్రీస్, ఎడ్వర్డో మోర్టారా వంటి అనుభవజ్ఞులను తెచ్చుకున్నారు. వీరిద్దరూ 2020-21లో ఛాంపియన్‌షిప్ పట్టికలో మొదటి రెండు స్థానాలు పొందినవారే. అయినా జట్టు మళ్లీ పదో స్థానంలోనే ఆగిపోయింది. పుచ్చువిత్తు వేసిన చేనులో ఎంత గుంటక తోలినా ఫలితం పరిమితమే.

2024-25లో మూడో తరం కారుకు మెరుగులు దిద్దారు. యంత్ర భాగాలను కొత్తగా ఆమోదింపజేసుకునే అవకాశం అన్ని సంస్థలకూ దక్కింది. మహీంద్రా రాత మారింది అప్పుడే. డ్రైవర్లు పాతవారే, యాజమాన్యం పాతదే. మారింది యంత్రం. మొనాకోలో డి వ్రీస్ రెండో స్థానం సాధించారు. సీజన్ ముగిసేసరికి జట్టు పదో స్థానం నుంచి నాలుగో స్థానానికి ఎగబాకింది. పోర్షే, జాగ్వార్, నిస్సాన్ మాత్రమే దానికంటే ముందున్నాయి.

కుంట ఒకటే... పారకమే వేరు

ఈ పందేల్లో వేగం ఒక్కటే గెలిపించదు. ఫారంపాండు ఉదాహరణతో దీన్ని సులువుగా అర్థం చేసుకోవచ్చు. అందరికీ ఒకే కొలత కుంట ఇచ్చి, పంట చివరిదాకా నీరు సరిపెట్టుకోవాలంటే కాలువ పారించినవారి కంటే డ్రిప్పు వేసినవారికే ఫలితం ఎక్కువ. ఫార్ములా-ఈలో కుంట స్థానంలో బ్యాటరీ ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు చక్రాల వేగాన్ని మళ్లీ కరెంటుగా మార్చి బ్యాటరీలోకి పంపుతారు. పందెంలో వాడే శక్తిలో దాదాపు 40 శాతం ఇలా తిరిగి పుట్టించేదేనని నిర్వాహకులు చెబుతారు. మలుపు మలుపులో ఎంత వాడాలి, ఎంత రాబట్టాలి అని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఎవరిది మేలైనదైతే వారిదే పైచేయి.

నాలుగో తరంలో ఈ లెక్క మరింత క్లిష్టమవుతుంది. మూడో తరం కారు గరిష్ఠ సామర్థ్యం 350 కిలోవాట్లు. కొత్త కారుది 600 కిలోవాట్లు. అంటే దాదాపు 800 అశ్వశక్తి. పొలాల్లో తిరిగే 40 అశ్వశక్తి ట్రాక్టర్లు ఇరవై కలిస్తే ఎంతో అంత. ఇప్పటిదాకా కొన్ని సందర్భాలకే పరిమితమైన నాలుగు చక్రాల చోదనం ఇకపై పందెం పొడవునా ఉంటుంది. టైర్లు కూడా మారుతున్నాయి. హాంకూక్ స్థానంలో బ్రిడ్జ్‌స్టోన్ వస్తోంది. పాత లెక్కలన్నీ పక్కన పెట్టి అందరూ మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టాలి.

ఫోర్స్ ఇండియా నేర్పిన పాఠం

మన దేశం పేరు పెట్టుకుని ప్రపంచ పందేల్లో దిగిన మరో జట్టు చరిత్రను ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి. బెంగళూరుకు చెందిన విజయ్ మాల్యా నేతృత్వంలో 2008లో ఫార్ములా-1లోకి వచ్చిన ఫోర్స్ ఇండియా తక్కువ ఖర్చుతో మంచి కారు తయారుచేయగలదని పేరు తెచ్చుకుంది. 2016, 2017 సీజన్లలో జట్ల పట్టికలో నాలుగో స్థానం సాధించింది. యంత్రం బాగుంది, ఇంజినీర్లు బాగున్నారు. యజమాని ఆర్థిక పరిస్థితే తలకిందులైంది. 2018 జులైలో జట్టు దివాలా ప్రక్రియలోకి వెళ్లి చేతులు మారింది. ఇప్పుడు ఆస్టన్ మార్టిన్ పేరుతో నడుస్తున్నది ఆ జట్టు వారసత్వమే.

మహీంద్రాది ఇందుకు పూర్తిగా భిన్నమైన పరిస్థితి. అక్కడ డబ్బు లేక జట్టు పోయింది. ఇక్కడ డబ్బున్నా సిద్ధపాటు చాలక జట్టు వెనకబడింది. నాలుగో తరంలోనూ కొనసాగుతామని మహీంద్రా ముందుగానే ప్రకటించింది. పదో స్థానంలో ఉన్నప్పుడు కూడా మాతృసంస్థ చేయి వదల్లేదు. ఈ స్థిరత్వమే జట్టుకు పెద్ద బలమని చెప్పక తప్పదు.

సొంత గడ్డపై పందెం లేదు

బలహీనతలూ లేకపోలేదు. 2024 ఫిబ్రవరి 10న హైదరాబాద్‌లో జరగాల్సిన రెండో పందెం రద్దయింది. తెలంగాణలో ప్రభుత్వం మారిన తర్వాత, 2024 జనవరిలో నిర్వాహకులు ఈ విషయం ప్రకటించారు. పందెం చెల్లింపులపై 2024 డిసెంబరులో ఏసీబీ కేసు కూడా నమోదు చేసింది. తప్పొప్పులు తేల్చాల్సింది న్యాయస్థానాలే. వివాదం ఎలా ఉన్నా భారతీయ జట్టు భారతీయ ప్రేక్షకుల ముందు పోటీపడే అవకాశం ఒక్కసారితోనే ఆగిపోయింది. ప్రజాధనంతో ముడిపడిన క్రీడా వేడుకలకు ఒప్పందాల దశలోనే పారదర్శకత ఎంత అవసరమో ఈ ఉదంతం తెలియజేస్తోంది.

జట్టు కార్యశాల ఇంగ్లండ్‌లోని బాన్‌బరీలో ఉంది. విడిభాగాల సరఫరా, నిపుణుల లభ్యత దృష్ట్యా ఇది సరైన నిర్ణయమే కావచ్చు. అయితే జెండా మనది, పని అక్కడిది అన్న అసంతృప్తి మిగులుతోంది. చందోక్ తర్వాత భారతీయ డ్రైవర్‌కు ఈ జట్టులో పూర్తిస్థాయి చోటు దక్కలేదు. 2023లో రిజర్వు డ్రైవర్‌గా ఉన్న జెహాన్ దారువాలా పందెం కారు ఎక్కాలంటే మరుసటి సీజన్‌లో మాసెరాటి జట్టుకు వెళ్లాల్సి వచ్చింది.

అనంతకు ఏమిటి సంబంధం?

కరవు సీమకు ఈ కార్ల పందేలతో పనేమిటన్న ప్రశ్న రావచ్చు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో పెనుకొండ సమీపాన కియా కర్మాగారం 2019లో కార్ల ఉత్పత్తి ప్రారంభించింది. 2022 జిల్లాల విభజనతో అది శ్రీసత్యసాయి జిల్లా పరిధిలోకి వెళ్లింది. 2025లో కియా మన దేశంలో తయారుచేసిన తొలి విద్యుత్ కారునూ విడుదల చేసింది. అటు బెంగళూరులో పుట్టిన రేవా విద్యుత్ కార్ల సంస్థను మహీంద్రా 2010లోనే సొంతం చేసుకుంది. వేరుశనగ మీద నమ్మకం సడలిన కుటుంబాల పిల్లలు ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు, జేఎన్‌టీయూలో చదివి ఈ పరిశ్రమల వైపే చూస్తున్నారు. మోటారు నియంత్రణ, ఇన్వర్టర్లు, బ్యాటరీ నిర్వహణ, సాఫ్ట్‌వేర్... పందెం కారులో గెలుపోటములు తేల్చే విద్యలే రేపు వీరికి ఉపాధి చూపేవి. విద్యుత్ వాహనాల విభాగానికి శిక్షణ సంస్థల్లో తగిన ప్రయోగశాలలు సమకూరుతున్నాయా లేదా అన్నది పాలకులు పట్టించుకోవాల్సిన విషయం.

గమనించాల్సినవి ఇవే

కొత్త సీజన్‌కు ముందు జరిగే అధికారిక పరీక్షల్లో సమయాల కంటే మహీంద్రా కారు ఎన్ని ల్యాపులు ఆగకుండా తిరిగిందన్నది ముఖ్యం. కేప్‌టౌన్ అనుభవం దృష్ట్యా నమ్మకమే మొదటి గీటురాయి. ఆ తర్వాత నాలుగు చక్రాల చోదనంతో శక్తిని ఎంత పొదుపుగా వాడుతోందన్నది చూడాలి. తొలి ఒకటి రెండు పందేల్లో పతకం వచ్చినా, రాకపోయినా తొందరపడి అంచనాకు రావడం సరికాదు. 2023లో మెక్సికోలో మూడో స్థానంతో మొదలైన సీజన్ పదో స్థానంతో ముగిసిన సంగతి మరవరాదు.

ఎదుట పోర్షే, జాగ్వార్, నిస్సాన్ వంటి ఉద్దండులున్నారు. వారిని దాటి టైటిల్ అందుకోవడం అంత సులువు కాదు. మొదటి నాలుగు జట్లలో నిలవగలిగితే 2024-25 ఎదుగుదల గాలివాటం కాదని రుజువవుతుంది. మళ్లీ అడుగుకు జారితే మాత్రం ఆ లోపాన్ని ఏళ్ల తరబడి మోయాల్సి వస్తుంది. పరుగు మొదలయ్యాక డ్రైవర్ చేతిలో ఉండేది స్టీరింగే. కారు తలరాత అంతకు ముందే కార్యశాలలో రాసి ఉంటుంది. గతసారి దుక్కిలో చేసిన తప్పును మహీంద్రా ఈసారి దిద్దుకుందా లేదా అన్నది కొత్త సీజన్ పట్టికే తేల్చాలి.