సూక్ష్మ నాళికలు – మన కర్తవ్యము

దేశముయొక్క సంపద భూమిలోని ఖనిజములచేతనే గాక, వానిని మలచుకొను విద్యచేతను నిర్ణయింపబడుచున్నది. ఈ సత్యమును గ్రహించుటకు తెలుగువారికి పరదేశపు దృష్టాంతములు అక్కరలేదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమను గ్రామము చాలును. అచ్చటి కమ్మరులు మూసలలో కరగించిన ఉక్కు గడ్డలను కొనుటకు పారసీక వర్తకులు అంత దూరమునుండి వచ్చుచుండిరి. 19వ శతాబ్ది ప్రథమ పాదమున ఆ కొలుములను జూచిన డాక్టరు హెన్రీ వాయిసీ ఆ పద్ధతిని వ్రాసియుంచెను. దక్షిణదేశపు ‘ఉక్కు’ ఆంగ్లేయుల నోట ‘వూట్జు’ అయినది. దానితో చేసిన కత్తులు ‘డమాస్కసు’ కత్తులని లోకమున ప్రసిద్ధికెక్కినవి. వస్తువు మనది, ప్రఖ్యాతి పరులది.

జర్మనీ దేశమున డ్రెస్డెను నగరమునందలి శాస్త్రజ్ఞులు, పీటర్ పాఫ్లరు ప్రభృతులు, 17వ శతాబ్దపు డమాస్కసు కత్తి తునుక నొకదానిని పరీక్షించి, అందు అతిసూక్ష్మములగు కర్బన నాళికలు కానవచ్చినవని 2006లో ప్రకటించిరి. మన కమ్మరికి గాని, కత్తిని సాగగొట్టిన శిల్పికి గాని ఆ నాళికల సంగతి తెలియదు. చేతికి తెలిసిన దానిని గ్రంథమున నిలుపు ఏర్పాటు లేకపోయెను. విదేశపు చౌక ఉక్కు వచ్చిపడగానే కొలుములు చల్లారెను. కొలుములతోపాటు విద్యయు నశించెను. నేడు ప్రపంచమంతయు అట్టి సూక్ష్మ పదార్థములనే బుద్ధిపూర్వకముగా తయారుచేయుచుండగా, మనమేమి చేయవలెనన్నది ఆలోచింపదగిన ప్రశ్న.

మీటరును నూరు కోట్ల భాగములు చేయగా అందొక భాగము నానోమీటరు. మానవుని తలవెండ్రుక మందము సుమారు 80,000 మొదలు 1,00,000 నానోమీటర్ల వరకు నుండును. ఒంటిపొర కర్బన నాళిక అడ్డుకొలత ఒకటి రెండు నానోమీటర్లు మాత్రమే. పొడవు మాత్రము దానికి వేలరెట్లు ఉండవచ్చును. పొడవు తప్ప తక్కిన కొలతలు లేనట్లేయుండుటచేత ఇట్టి నాళికలను, తీగలను, తంతువులను ఏకమితీయ పదార్థములందురు. గ్రాఫైటులోని ఒక్క పొరను చాపవలె చుట్టినచో కర్బన నాళిక రూపము మనస్సునకు గోచరించును. ఆ చాపను నిలువుగా చుట్టితిమా, వాలుగా చుట్టితిమా యనుదానినిబట్టి అది లోహమువలె విద్యుత్తును ప్రవహింపజేయుటయో, అర్ధవాహకముగా నుండుటయో జరుగును. ద్రవ్యము మారలేదు, చుట్టు మాత్రమే మారినది, గుణము మారిపోయినది!

సోవియట్ శాస్త్రజ్ఞులు రాదుష్కెవిచ్, లుక్యానొవిచ్ 1952లోనే ఇట్టి నాళికల చిత్రములను ప్రకటించిరి గాని లోకము వానిని గమనింపలేదు. 1991లో జపానునందు సుమియో ఇజిమా వర్ణించిన పిమ్మటనే లోకము మేల్కొనెను. తయారుచేయు మార్గములు పెక్కులు. రెండు కర్బన కడ్డీల నడుమ విద్యుజ్జ్వాల రగిల్చి, పేరుకొన్న మసినుండి నాళికలను తీయుట ఒకటి. ఇనుము, నికెలు, కోబాల్టు కణములపై కర్బనము గల వాయువును మిక్కిలి వేడిమిలో ప్రవహింపజేయుట రెండవది. నేటి కర్మాగారములు ముఖ్యముగా దీనినే అనుసరించుచున్నవి. సిలికాను తీగలకు 1964లో అమెరికాయందు వాగ్నరు, ఎల్లిసు అనువారు చూపిన మార్గము కడు వింతయైనది. కరగిన బంగారపు బొట్టు వాయువునుండి సిలికానును గ్రహించి, తృప్తి చెందిన పిదప, మిగిలిన దానిని తన క్రిందనే పేర్చును. బొట్టును తలపై మోసికొని తీగ పైకి పెరుగును. మన దేవాలయములలో వెలిగించు కర్పూరమునుండియు కర్బన నాళికలను తీయవచ్చునని ముకుల్ కుమారు, యోషినోరి అండోలు జపానునందు నిరూపించిరి.

ఈ శ్రమయంతయు దేనికి? విద్యుత్ కారులలోని లిథియం బ్యాటరీలయందు విద్యుత్ప్రవాహమునకు దారి యేర్పరచుటకు కర్బన నాళికలను ఇప్పటికే వాడుచున్నారు. సిలికాను గ్రాఫైటుకంటె సుమారు పదిరెట్లు లిథియమును ధరింపగలదు. కాని ధరించినప్పుడు మూడు నాలుగు రెట్లు ఉబ్బి పగిలిపోవును. అదే సిలికానును సన్నని తీగలుగా చేసినచో ఉబ్బుటకు చోటు దొరకి పగులదని 2008లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు చూపిరి. నీటినుండి సూక్ష్మక్రిములను వడకట్టు కర్బన నాళికల జల్లెడను 2004లో ప్రకటించినవారిలో కాశీ హిందూ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఉండుట మనకు గర్వకారణము. 2019లో మసాచుసెట్సు సాంకేతిక సంస్థయందు 14,000లకు పైగా నాళికా ట్రాన్సిస్టర్లతో గణనయంత్రపు మెదడును నిర్మించిరి. అయితే అతిశయోక్తులకు లొంగరాదు. ఒంటి నాళికకు గల బలము వానితో పేనిన త్రాటికి రాలేదు. లోహగుణము గలవానిని, అర్ధవాహకములను వేరుచేయుట నేటికిని క్లేశకరమే.

ఇక రెండవ పక్షమును చూడవలెను. రాతినార, అనగా ఆస్బెస్టాసు, ఒకప్పుడు వరమని పొగడబడినది. మన యిండ్ల కప్పులపై దాని రేకులు నేటికిని గలవు. దాని పోగులు ఊపిరితిత్తులలో దిగబడి దశాబ్దముల పిదప ప్రాణము తీయునని లోకము తెలిసికొనునప్పటికి ఎందరో శ్రామికులు బలియైరి. పొడవై, బిరుసైన కర్బన నాళికలు ఎలుకల కడుపులో రాతినారవంటి వాపును కలిగించినవని 2008లో పరిశోధకులు చూపిరి. ప్రపంచారోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ, ఒకానొక రకపు బహుపొర నాళికలను మానవులకు క్యాన్సరు కలిగింపగల అవకాశము గలవిగా 2014లో నిర్ణయించెను. అమెరికా వృత్తిరక్షణ సంస్థ, పనిచోట ఘనమీటరు గాలిలో ఒక మైక్రోగ్రామునకు మించరాదని 2013లో సూచించెను. గట్టి వస్తువులో ఇమిడిన నాళికతో భయము స్వల్పము. పొడిని తూచువాడు, సంచికెత్తువాడు, యంత్రమును తుడుచువాడు, వీరికే నిజమైన ఆపద. వీరు సామాన్యముగా నోరులేని కూలివారు.

కావున మా అభిప్రాయమును స్పష్టముగా చెప్పుచున్నాము. భయముచేత విద్యను త్యజించుట అవివేకము. లాభముచేత ప్రాణమును మరచుట పాపము. భారత ప్రభుత్వము 2007లో నానో మిషనును వేయి కోట్ల రూపాయలతో ప్రారంభించెను. ప్రయోగశాలలు వెలసినవి, వ్యాసములు వెలువడినవి. ఇక ప్రయోగశాలనుండి కర్మాగారమునకు వంతెన వలయును. దానితోడనే, ఇట్టి పొడులను తయారుచేయు ప్రతి కర్మాగారమునందును గాలిని కొలిచి, ఆ లెక్కను కార్మికులకు తెలియజేసిన గాని అనుమతి యీయరాదు. తాళము వేసిన పేటికలలో పని జరుగవలెను. ఆరోగ్యపరీక్షల లెక్కలు పని మానిన పిమ్మటను భద్రపరుపబడవలెను. రాతినార రోగము ముప్పది నలువది యేండ్లకు బయలుపడినదని మరువరాదు.

ధనవంతులైన మా పాఠకులకును ఒక మాట. ‘నానో’ అను బిరుదు తగిలించి వచ్చు ప్రతి వస్తువునకును, ప్రతి కంపెనీకిని సొమ్ము కట్టవలదు. అందలి పదార్థమేమి, దాని కొలత యెంత, ఆ కొలతను పరీక్షించినవారెవరు, పనివారి రక్షణ యెట్లు అను నాలుగు ప్రశ్నలు వేయుడు. ఉత్తరము చెప్పగల పరిశ్రమను పోషింపుడు. కోనసముద్రపు కమ్మరికి తన చేతిలోని విద్య యెంతటిదో తెలిపినవారు లేకపోయిరి. నేటి పనివానికి దాని విలువయు, దాని ఆపదయు రెండును తెలుపుట మన విధి.