నాన్న కారు, తాత నావ: కొనివ్వకండి, చేయనివ్వండి



ఇంట్లో పెద్దాయన అట్టముక్కలు, కత్తెర, జిగురు ముందేసుకుని, ఎప్పుడో అమ్మేసిన ఇంటి కారుకు చిన్న నమూనా చేస్తుంటే మనం ఏమంటాం? “ఈ వయసులో బొమ్మలాటలేంటి నాన్నా, కాసేపు నడుం వాల్చరాదూ” అంటాం. కాస్త ప్రేమ ఎక్కువైతే బజారుకెళ్లి అలాంటి బొమ్మకారే ఒకటి కొని చేతిలో పెడతాం. ఈ రెండూ సరికాదని నా అభిప్రాయం. అది పొద్దుపోక చేసే పని కాదు. ఆయన ఆరోగ్యానికి పనికొచ్చే పని. పాలకాయతిప్ప లాంటి ఊళ్లలోనైతే ఊరి జ్ఞాపకానికి కూడా పనికొచ్చే పని.

కారు లేని ఊళ్లో నావ

ఒక తరం వాళ్లకు కారంటే అంబాసిడరే. 1950ల చివర్లో మొదలైన ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. మన డెల్టాలో అప్పట్లో సొంత కారున్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మిగిలినవాళ్లు పెళ్లికో, పురిటికో, పెద్దాసుపత్రికో టాక్సీ మాట్లాడుకునేవారు. అందుకే ఆ కారు తలుచుకుంటే దానితోపాటు అందులో ఎక్కినవాళ్లు, ఆ రోజు కట్టుకున్న చీర, దారిలో ఆగిన చోటు కూడా గుర్తుకొస్తాయి.

కోడూరు మండలంలో హంసలదీవి దగ్గర, సముద్రం ఒడ్డునున్న పాలకాయతిప్పలో ఆ స్థానం నావది. ఇంటికి అన్నం పెట్టింది అదే. తండ్రి పేరు చెప్పుకోవడానికి ఉన్నదీ అదే. అందుకని కారు గురించి నేను చెప్పేదంతా నావకూ వర్తిస్తుంది. ఇంకా ఎక్కువే వర్తిస్తుంది. ఎందుకంటే కారును అమ్ముకున్నారు, నావ కొట్టుకుపోయింది.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన సంగతి దివిసీమలో ఎవరికీ చెప్పనక్కరలేదు. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. కనీసం 10 వేల మంది చనిపోయారు. మనుషులతోపాటు గొడ్లు, ఇళ్లు, వలలు, నావలు పోయాయి. ఫొటోలున్న ట్రంకుపెట్టెలూ పోయాయి. అంటే చాలా కుటుంబాలకు తమ తాత నావ ఎలా ఉండేదో చూపించడానికి ఒక్క బొమ్మ కూడా మిగలలేదు. అది ఇప్పుడు ఉన్నది కొందరు పెద్దవాళ్ల మనసుల్లోనే. అప్పుడు 20 ఏళ్లున్నవారు ఇప్పుడు 70కి దగ్గరయ్యారు. నావ ఎన్ని బారలుండేదో, మంచినీళ్ల కుండ ఎక్కడ పెట్టేవారో చెప్పగలిగినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.

ఇందులో ఆరోగ్యం ఏముంది?

వయసు మీద పడ్డాక నిన్న తిన్న కూర గుర్తుండకపోవచ్చు. కానీ పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవి చాలామందికి గట్టిగా నిలిచి ఉంటాయి. మతిమరుపు జబ్బు మొదలైనవారిలో కూడా ముందు పోయేవి కొత్త జ్ఞాపకాలే. చేతికి అలవాటైన పనులు, అంటే ముడివేయడం, చెక్కడం, అల్లడం వంటివి, ఇంకా కొంతకాలం నిలుస్తాయి. నమూనా చేయడం ఈ రెంటినీ కలుపుతుంది: పాత జ్ఞాపకం, చేతి అలవాటు.

ముసలితనంలో గతాన్ని తలపోసుకోవడం చాదస్తం కాదని, అది సహజమని, అవసరమని 1963లోనే రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు రాశారు. ఆ తర్వాత పాత జ్ఞాపకాలు మాట్లాడించడం చాలా దేశాల వృద్ధాశ్రమాల్లో అలవాటుగా మారింది. అయితే నిజం నిజంగానే చెప్పుకోవాలి. మతిమరుపు జబ్బు ఉన్నవారి మీద జరిగిన పరిశోధనలన్నిటినీ 2018లో కోక్రేన్ సంస్థ సమీక్షిస్తే, దీనివల్ల కలిగే మేలు ఉన్నచోట కూడా చిన్నదేనని, అన్నిచోట్లా ఒకేలా లేదని తేలింది. కాబట్టి నమూనా చేస్తే మతిమరుపు తగ్గిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది మందు కాదు.

మరి ఎందుకు చేయమంటున్నాను? పొద్దున్న లేవగానే చేయడానికి ఒక పని ఉంటుంది. వేళ్లు కదులుతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, పక్కన ఎవరో ఒకరు కూర్చుంటారు. మన ఇళ్లలో ముసలివాళ్లను ఎక్కువగా కుంగదీసేది ఒంటరితనమే. వేళకు అన్నం, మాత్రలు ఇచ్చే ఇళ్లలో కూడా వాళ్లతో మాట్లాడేవారు ఉండడం లేదు.

కొన్న బొమ్మ ఎందుకు చాలదు?

కొన్న బొమ్మ మనల్ని ఏమీ అడగదు. చేసే బొమ్మ అడుగడుగునా అడుగుతుంది. ముందు అద్దం ఎంత వాలుగా ఉండేది? సొట్ట ఏ వైపు పడింది? నాన్నమ్మ ఏ సీట్లో కూర్చునేది? నావ అయితే, చుక్కాని పట్టేది ఎవరు? తెరచాప కొయ్య ఎక్కడ నిలిపేవారు? వల ఎక్కడ పేర్చేవారు? జవాబు దొరికితే తప్ప కత్తెర ముందుకు కదలదు. ఆ జవాబుల్లోనే పోయినవాళ్ల పేర్లు వస్తాయి. మనవడు అవి వింటాడు.

2011 మార్చి 11న జపానులో సునామీ వచ్చి తీరప్రాంతపు ఊళ్లు కొట్టుకుపోయినప్పుడు, కోబె విశ్వవిద్యాలయానికి చెందిన ఒసాము త్సుకిహాషి అనే వాస్తుశిల్పి, విద్యార్థులు కలిసి పోయిన ఊళ్లకు నమూనాలు చేశారు. 500 అడుగులకు ఒక అడుగు చొప్పున, తెల్లగా, రంగు లేకుండా చేసి ఆ ఊళ్లకే పట్టుకెళ్లారు. ఊరివాళ్లు వచ్చి తమ ఇంటికి తామే రంగు వేశారు, ఎక్కడ ఏం జరిగిందో చెప్పారు. ఆ మాటలను చిన్న జెండాల మీద రాసి ఆ చోట గుచ్చారు. విద్యార్థులు పూర్తి చేసి ఇచ్చేయలేదు, సగం ఊరివాళ్లకు వదిలారు. మనం పట్టుకోవలసిన కిటుకు అదే.

ఎలా మొదలుపెట్టాలి?

లెక్క సులువు. ఒక అడుగుకు అర అంగుళం అనుకోండి. అంబాసిడర్ పొడవు 14 అడుగుల పైచిలుకు, వెడల్పు అయిదున్నర అడుగులు. నమూనా ఏడంగుళాల పొడవు, రెండుముప్పావు అంగుళాల వెడల్పు వస్తుంది. నావను పెద్దవాళ్లు బారల్లో, మూరల్లో చెబుతారు. ఒక బారకు మూడంగుళాలు, ఒక మూరకు ముప్పావు అంగుళం వేసుకోండి. నాలుగు బారల నావ అడుగు పొడవున వస్తుంది.

సామాను కోసం డబ్బు పోయనక్కరలేదు. మందుల అట్టపెట్టెలు, జీలుగు బెండు, వెదురు పుల్లలు, పాత చీరముక్క చాలు. తాటిముంజెలు తిని ఆ కాయలతోనే బండి చేసి దొర్లించిన చేతులకు ఇది కొత్త విద్య కాదు. కొండపల్లి బొమ్మల వాళ్లు తేలికైన పొణికి చెక్క మీద చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకులు వేస్తారు. ఘాటు వాసన వచ్చే జిగురుల కంటే ఉబ్బసం ఉన్నవారికి అలాంటిదే మేలు.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి.

వెలుతురు బాగా ఉన్నచోట, పగటిపూట చేయాలి. కళ్లు మసకగా ఉంటే ముందు శుక్లాలకు పరీక్ష చేయించండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. షుగరు ఉన్నవారికి వేళ్లలో స్పర్శ తగ్గి, బ్లేడు తెగినా తెలియదు. కోసే పని పిల్లలు చేసిపెట్టాలి. తెగితే సబ్బుతో కడిగి, ఆసుపత్రిలో చూపించి, టీటీ ఇంజెక్షను అవసరమేమో అడగండి. పాత రంగు వేసిన చెక్కను గీకవద్దు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని బాగా తగ్గించాలన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు రంగుల పొడిలో సీసం ఉండవచ్చు. చిన్న ముక్కలు పసిపిల్లల నోట్లో పడకుండా చూడండి.

“మానిన పుండును రేపడమే కదా?”

ఈ మాట చాలామంది అంటారు. అందులో న్యాయం ఉంది. ఉప్పెనలో బిడ్డను పోగొట్టుకున్న తల్లిని కూర్చోబెట్టి ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పమనడం తప్పు. జరిగిన ఘోరాన్ని వివరంగా చెప్పమని ఎవరినీ బలవంతపెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతుంది. కాని నావ గురించి అడగడం ఆ రాత్రి గురించి అడగడం కాదు. ఆ రాత్రికి ముందు ఒక జీవితం ఉండేదని గుర్తుచేయడం. చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు. కన్నీళ్లు వస్తే రానివ్వండి, చేయి పట్టుకుని కూర్చోండి. వద్దంటే ఆపేయండి.

నిద్ర పట్టకపోవడం, పదేపదే పీడకలలు రావడం, తిండి మానేయడం, బతికి ఏం లాభం అనడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. టెలీమానస్ 14416 నంబరుకు ఫోను చేసినా ఉచితంగా మాట్లాడతారు. అలాగే నమూనా చేస్తుండగా, అడిగిందే అడగడం, తెలిసిన దారి తప్పడం, ఇంటివాళ్ల పేర్లు మరచిపోవడం గమనిస్తే వయసు కదా అని వదిలేయకండి. థైరాయిడు లోపం, బి12 విటమిను లోపం, మనోవ్యాకులత వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వాటికి చికిత్స ఉంది.

చివరగా ఒక మనవి. పెద్దవాళ్లు చేసిన నమూనాను దిద్దకండి. ఒక చక్రం పెద్దదైనా, నావ కాస్త వంకరైనా అలాగే ఉంచండి. అన్నదమ్ములిద్దరూ రంగు నీలమా పచ్చా అని వాదించుకుంటే వాదించుకోనివ్వండి, చాలాకాలానికి మాట్లాడుకుంటున్నారు. పూర్తయ్యాక అడుగున ఒక కాగితం అంటించి, అది ఎవరి బండో, ఎవరి నావో, అందులో ఎవరెవరు వెళ్లేవారో వాళ్ల చేతే చెప్పించి పిల్లల చేత రాయించండి. వచ్చే సెలవు రోజున ఒక అట్ట, ఒక కత్తెర తీసుకుని వెళ్లి పక్కన కూర్చోండి. “మన నావ ఎన్ని బారలుండేది, తాతా?” అని అడగండి చాలు.